కట్టని నావ

మా పేటలో నావ కొనడం అనే మాట వినిపించేది కాదు. కట్టించడం అనేవారు. డబ్బు కొంగున ముడేసుకుని వెళ్ళి, ఇచ్చేసి, తెచ్చుకునే వస్తువు కాదది. చెక్క చెక్కగా కూడబెట్టుకోవాలి. వేట బాగా సాగిన ఏడాది నాలుగు చెక్కలు, సాగని ఏడాది ఒకటి. ఎనిమిదేళ్ళకో పదేళ్ళకో ముప్పై చెక్కలు అయ్యాక, నావలు కట్టే మేస్త్రిని పిలిచి, రెండు నెలలు ఆయనకి అన్నం పెట్టి, ఒడ్డున ఇసుకలోనే కట్టించుకునేవారు. ఉన్నవాళ్ళు అన్ని చెక్కలూ ఒక్కసారే తెప్పించేవారు. మాలాంటివాళ్ళకి ఉన్న దారి మాత్రం ఇదొక్కటే.

మాది అల్లవరం దాటి సముద్రం వైపు పోతే వచ్చే పేట. మా ఆయన చిన్నప్పటి నుంచీ ఒకరి నావ మీద కలాసీ. వేటకి వెళ్ళే పనివాడన్నమాట. రోజు కూలి అంటూ ఉండదు, వాటా ఉంటుంది. చేపలు అమ్మగా వచ్చినదాంట్లో సగం నావకీ వలకీ పోతుంది, అంటే యజమానికి. మిగిలిన సగం నావ ఎక్కిన ఆరుగురూ పంచుకుంటారు. యజమాని ఇంట్లో పడుకున్నా నావ వాటా ఆయన ఇంటికి చేరుతుంది. మా ఆయనకి జ్వరం వస్తే మా ఇంటికి ఏదీ చేరదు. మాకూ ఒక నావ ఉండాలని ఎందుకు అనుకున్నారని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే.

నేను ఎండుచేపలు అమ్మేదాన్ని. అమలాపురం మీదుగా కొత్తపేట దాకా బస్సులో వెళ్ళేదాన్ని. వాసనని కండక్టరు గంపని బస్సు పైకి ఎక్కించేవాడు, నన్ను వెనక సీటుకి పంపేవాడు. తిరిగి వచ్చేటప్పుడు అమలాపురంలో దిగి కలప అడితికి వెళ్ళేదాన్ని. మొదటి చెక్క కొన్నది తొంభైలోనో తొంభై ఒకటిలోనో. మా రెండో అమ్మాయికి అప్పుడే నడక వచ్చింది. ఆయన పది రోజుల వాటా అంతా ఆ ఒక్క చెక్కకే సరిపోయింది. అల్లవరం వైపు వచ్చే ఎరువుల ట్రాక్టరు అతనికి కాసిని ఎండురొయ్యలు ఇస్తే బస్తాల మీద వేసుకొచ్చి మా దారి మొదట్లో దించాడు. అక్కడి నుంచి మేమిద్దరం చెరో వైపూ పట్టుకుని, శవాన్ని మోసినంత నెమ్మదిగా మోసుకొచ్చాం. ఎక్కడ అంచు విరుగుతుందోనని భయం.

నావల మేస్త్రి ఆ నెలలోనే మా పేటకి ఏదో మరమ్మత్తు పని మీద వచ్చాడు. ముసలాయన. చెవి ఆనించి, వేలి కణుపుతో చెక్క మీద కొట్టి చూసేవాడు. మా చెక్క మీద కొట్టి, మళ్ళీ కొట్టి, నా మొహం వైపు చూశాడు.

"టేకని కొన్నావా అమ్మా?"

"ఆయ్, టేకేనండి."

"టేకు కాదమ్మా ఇది. టేకుకి దూరపు చుట్టం."

మర్నాడే గంప పక్కన పెట్టేసి అడితికి వెళ్ళాను. గుమాస్తా కోప్పడలేదు, దబాయించలేదు. అక్కడున్న చెక్కల చివర సుద్దతో రాసినవి చూపించి, "ఏ కర్రో రాసే ఉంది కదమ్మా. మీరు చూసే కదా ఎత్తుకున్నారు" అన్నాడు. నిజమే, చూశాను. గీతలు చూశాను. అవి నాతో ఏదో చెబుతున్నాయని అప్పటిదాకా నాకు తెలియదు. పది రోజుల వేట ఆ గీతల్లో పోయింది.

అప్పుడు మా పేటలో పెద్దవాళ్ళకి చదువు చెప్పే తరగతులు పెట్టారు. మధ్యాహ్నం మూడింటికి, చేపలు ఎండబెట్టే పాకలో. ఇంటరు చదివిన అమ్మాయి చెప్పేది. నాకు అప్పటికి ముప్పై అయిదు దాటాయి. అందరూ ముందు తమ పేరు రాయడం నేర్పించుకున్నారు.

"మీరేంటండి పిన్నిగారూ, అందరూ వాళ్ళ పేరు అడుగుతుంటే మీరు టేకు రాయమంటున్నారు?" అంది ఆ పిల్ల.

"నా పేరు నాకు తెలుసు కదమ్మా. తెలియంది టేకే."

పాకంతా నవ్వింది. నవ్వితే నవ్వారు. రెండో చెక్క నేనే చదివి ఎత్తుకున్నాను. గుమాస్తా సుద్ద ముక్క చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ తరవాత నేను వెళ్తే "చదువుకున్నావిడ వచ్చేరు, జాగ్రత్తగా చూపించండ్రా" అని కూలీలతో అనేవాడు. వెక్కిరింతో మర్యాదో, ఏదైనా చెక్క మాత్రం సరైనదే ఇచ్చేవాడు.

చెక్కల్ని మా ఇంటి వెనక మంచినీటి గుంటలో, బురద కింద దాచాం. మేస్త్రి చెప్పిన పద్ధతే. బయట ఉంటే చెద పడుతుంది, ఎండకి పగులుతుంది. బురదలో మగ్గిన చెక్క నావకి వంచితే చెప్పినట్టు వింటుందట. పైన రాళ్ళు పెట్టేవాళ్ళం. ఒకసారి ఆయన చెయ్యి విరిగి మూడు నెలలు వేటకి పోలేదు. రెండు చెక్కలు తీసి అమ్మేద్దామని ఇద్దరం గుంటలోకి దిగాం. మోకాలి లోతు బురదలో నిలబడి, పాదంతో చెక్కని తడిమి చూసి, "వద్దులే, గంజి తాగుదాం" అన్నారాయన. గంజే తాగాం.

తొంభై ఆరు తుఫాను వచ్చేనాటికి ఇరవై ఏడు చెక్కలు అయ్యాయి.

ఆ తుఫాను గురించి మా వైపు ఎవరూ మళ్ళీ చెప్పించుకోరు. నేనూ ఎక్కువ రాయను. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లన్నీ ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి. మేము బడి మేడ మీద ఉండి బతికాం. కొందరు బతకలేదు. ఒడ్డున ఒక్క నావ లేదు. ఉన్నవి ముక్కలు. మా ఆయన పని చేసే నావ సగం తుమ్మ పొదల్లో దొరికింది, సగం దొరకలేదు. మా ఇంటికి కప్పు లేదు. నేను ముందు గుంట దగ్గరికి పరిగెత్తాను. లోపల చెయ్యి పెట్టి తడిమాను. ఒకటి, రెండు, అయిదు. అన్నీ ఉన్నాయి. ఊళ్ళో అందరి నావలూ పోయాయి, మాది మాత్రం భద్రంగా బురదలో ఉంది. నాకు నవ్వొచ్చింది. అవతలి ఇంట్లోంచి ఏడుపు వినబడుతోంది. నా నవ్వు నాకే తెలిసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

కొన్ని వారాలకి, పోయిన నావల లెక్క రాయడానికి మనుషులు వస్తున్నారని తెలిసింది. నావ పోయినవాళ్ళకి కొత్తది ఇస్తారట. నావ లేనివాళ్ళకి బియ్యం, దుప్పటి. మా బావగారు, మా ఆయనకి అన్నగారు, వచ్చి గుమ్మంలో కూర్చున్నారు.

"అమ్మాయ్, ఆ చెక్కలు పైకి తియ్యండి. తీసి ఒడ్డున పడెయ్యండి. నావ విరిగిపోయిందని రాయించండి."

"మనకి నావ లేదు కదండి బావగారూ."

"లేదని ఎవరికి తెలుసు?"

"ఊరందరికీ తెలుసండి."

"ఊరు చెప్పదులే. ఒకటి పోయినోడు రెండన్నాడు, రెండు పోయినోడు మూడన్నాడు. నీ వంతు వచ్చేసరికి ఊరికి నిజం గుర్తొస్తాదా?"

మా ఆయన మర్నాడు పొద్దున్నే గుంటలోకి దిగారు. బురదలో మగ్గి మగ్గి చెక్కలు నల్లగా ఉన్నాయి. సముద్రం నమిలి ఉమ్మేసినట్టే ఉన్నాయి. బావగారూ ఆయనా కలిసి వాటిని ఇసుక మీద అడ్డదిడ్డంగా పరిచారు. నేను చూస్తూ నిలబడ్డాను. వద్దని అనలేదు. ఆ మాట ఇక్కడ రాయాలి.

ఇద్దరు వచ్చారు. ఒకాయన కుర్రవాడు, టోపీ పెట్టుకుని కాగితాలు పట్టుకున్నాడు. రెండో ఆయన పెద్దాయన, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు. నడక చూస్తే సముద్రం ఒడ్డున పుట్టినవాడని తెలుస్తోంది.

"ఎన్ని బారల నావండి?" అన్నాడు కుర్రవాడు. రెండు చేతులూ చాపితే ఎంతో అంత ఒక బార. మా వైపు నావని అలాగే కొలుస్తారు.

"నాలుగున్నర బారలండి," అన్నారు మా ఆయన. ఆయన తడుముకోలేదు. ముందు భాగం ఎంత ఎత్తో, తెరచాప కర్ర ఎక్కడ నిలబెట్టేదో, చుక్కాని ఏ కర్రతో చేసిందో, ఏ రంగు వేసిందో అన్నీ చెప్పారు. అడగనివి కూడా చెప్పారు. ఆరేడేళ్ళుగా కళ్ళ ముందు పెట్టుకున్న నావ. వింటుంటే నాకే అది ఉండేదేమో అనిపించింది. అంత వివరంగా ఆ రోజు పోయిన నావ గురించి ఇంకెవరూ చెప్పి ఉండరు.

కుర్రవాడు రాసి, "ఇంటావిడ వేలిముద్ర వెయ్యాలండి" అన్నాడు.

"సంతకం చేస్తానండి."

కాగితం ఇచ్చాడు. చదివాను. కూడబలుక్కుని, నెమ్మదిగా. 'నావ పూర్తిగా ధ్వంసమైనది' అని ఉంది. ధ్వంసం అన్న మాట నేను అంతకుముందు చదవలేదు, అక్షరాలు విడదీసి పట్టుకోవలసి వచ్చింది. దాని కింద నా పేరు రాశాను. పాకలో కాకుండా బయట ఎక్కడైనా నేను పెట్టిన మొదటి సంతకం అదే.

ఈలోగా పెద్దాయన ఒక చెక్క మీదకి వంగాడు. అరచేత్తో బురద తుడిచాడు. తిరగేశాడు. ఇంకో చెక్క దగ్గరికి వెళ్ళాడు. మూడోది కూడా తిరగేశాడు.

"నావంటే మేకులుంటాయి కదమ్మా," అన్నాడు. "ఒక్క చెక్కకీ మేకు చిల్లు లేదేంటి?"

అంతమందిమి ఆలోచించాం, ఆ మాట ఎవరికీ తట్టలేదు. నావలో పుట్టి నావలో పెరిగిన బావగారికి కూడా తట్టలేదు.

"ఇంకా కట్టలేదండి," అన్నారు మా ఆయన.

అబద్ధం అంత పకడ్బందీగా చెప్పిన మనిషి నోట్లోంచి నిజం ఊడిపడింది.

"కట్టని నావ ఎలా విరిగిందయ్యా బాబూ?"

చుట్టూ చేరినవాళ్ళు గొల్లున నవ్వారు. రెండు నావలు మూడని రాయించినవాళ్ళు కూడా నవ్వారు. నన్ను జైల్లో పెడతారనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. పిల్లల్ని ఎవరికి అప్పగించాలా అని చూస్తున్నాను. పెద్దాయన కుర్రవాడి చేతిలోంచి పెన్ను తీసుకుని, ఆ వరస మీద ఒక గీత గీశాడు. నా పేరు మీద నుంచి కూడా పోయింది ఆ గీత. వెళ్తూ వెళ్తూ ఆగి, "మంచి టేకు. ఎండలో వదిలెయ్యకండి, పగుల్తాది" అన్నాడు.

ఆ రోజు నుంచి మాకు పేట్లో పేరు మారింది. 'కట్టని నావోళ్ళు' అయ్యాం. నీళ్ళ బోరు దగ్గర నా వంతు వస్తే, "కట్టని నావావిడ వచ్చేరండి, దారివ్వండి" అనేవారు. మా అమ్మాయిని బడిలో కూడా అన్నారు. ఆయన మాత్రం చెక్కలన్నీ మళ్ళీ గుంటలో పెట్టి, రాళ్ళు సర్ది, వేట మొదలయ్యాక ఇరవై ఎనిమిదో చెక్కకి డబ్బిచ్చారు.

నెలల తరవాత లారీల మీద కొత్త నావలు దిగాయి. వాటిని అందరూ బోట్లు అన్నారు. తెల్లగా, నున్నగా, గచ్చు చేసినట్టున్నాయి. ఫైబరు అట. కర్ర ముక్క లేదు, మేకు లేదు. కర్ర నావని దింపాలంటే పదిహేను మంది భుజం పట్టాలి. దీన్ని ఆరుగురు ఎత్తేశారు. మా ఆయన యజమానికి కూడా ఒకటి వచ్చింది. పోయిన ఆ పాత నావలో అడుగున నీరు ఊరుతుంటే పదిహేనేళ్ళు తోడి పోసింది మా ఆయన. లారీ మీద నుంచి దింపేటప్పుడు, "ఒరే, నువ్వటు పట్టరా, గీత పడకుండా" అని యజమాని కేక వేశాడు. ఆయన అటు పట్టారు. ఇంటికొచ్చి, "ఇంక నీళ్ళు తోడే పని లేదే" అన్నారు. అంతే అన్నారు.

ఇక్కడే మేము తప్పు చేశాం. ఆ బోట్లని దుప్పట్లూ గిన్నెలూ పంచినట్టు పంచిన సరుకు అనుకున్నాం. రెండేళ్ళు ఉంటాయి, పగులుతాయి, అందరూ మళ్ళీ చెక్కకే వస్తారు. అప్పటికి మా దగ్గర చెక్క ఉంటుంది. రెండేళ్ళయింది. పగల్లేదు. ఇంజను పెట్టుకున్న ఆ బోట్లు తెరచాప నావకంటే ముందు వెళ్ళి ముందే ఒడ్డుకి వస్తున్నాయి. ముందొచ్చిన చేపకే ధర. ఆలస్యంగా వచ్చినది నాలాంటిది ఉప్పేసి ఎండబెట్టుకోవలసిందే. ఇదంతా రోజూ ఒడ్డున నా కళ్ళతోనే చూశాను. చూస్తూనే ఇరవై తొమ్మిదో చెక్క కొన్నాను. ముప్పయ్యోది కూడా కొన్నాను.

ముప్పై అయ్యాయని మేస్త్రికి కబురు పెట్టాం. రాలేదు. మళ్ళీ పెట్టాం, రాలేదు. మూడోసారి అడిగితే, ఆయన కాకినాడ వైపు ఏదో షెడ్డులో పనికి పోతున్నాడన్నారు. ఇద్దరం బయలుదేరాం. మా ఆయన ఉతికిన చొక్కా తొడుక్కున్నారు. మేస్త్రికి ఇవ్వడానికి నేను వంజరం ఎండుముక్కలు కట్టుకున్నాను.

రేకుల షెడ్డు. లోపల మందు వాసన, కళ్ళు మండిపోయేంత. ముక్కుకి గుడ్డ కట్టుకుని, చేతులకి తెల్ల పొడితో ఒకాయన బయటికి వచ్చాడు. గుడ్డ తీసేదాకా గుర్తుపట్టలేదు. మా మేస్త్రే. ముంజేతులు గోక్కుంటున్నాడు. ఆ ఫైబరు పీచు చర్మంలో గుచ్చుకుంటుందట, ఎంత కడిగినా పోదట.

"మేస్త్రీగారూ, ముప్పై అయ్యేయండి," అన్నారు మా ఆయన. ఆయన గొంతులో అంత సంతోషం నేను చాన్నాళ్ళయి వినలేదు.

"ఏం ముప్పై బాబూ?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా బతుకంతా ఆ లెక్క మీద నడిచింది. మేస్త్రికి గుర్తే లేదు. నేను చెక్కలు, గుంట, బురద అని చెబితే అప్పుడు గుర్తొచ్చింది. తిన్నె మీద కూర్చున్నాడు.

"ఇప్పుడెవరూ కట్టించట్లేదమ్మా. నేను కట్టి మూడేళ్ళయింది. నా ఉలులు మా అల్లుడు తలుపులకి వాడుతున్నాడు. కట్టి ఇచ్చేననుకో, దాన్ని ఎక్కేదెవరు? ఏ కలాసీ వస్తాడు తెరచాప మీద?"

మా ఆయన తనే ఇంజను బోటు మీద కలాసీ. ఆ నావ మీదకి తను వెళ్తాడేమో, ఇంకెవరొస్తారో ఆలోచిస్తున్నట్టున్నారు.

"మరి ఈ బోటు ఎంతండి?" అన్నాను నేను. లోపల అచ్చులో ఒకటి ఆరబెట్టి ఉంది, దాన్ని చూపించి.

మేస్త్రి లోపలికి వెళ్ళి షెడ్డు మేనేజరు గారిని పిలుచుకొచ్చాడు. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. మాకు కుర్చీలు వేయించాడు. అరవై వేలకి పైనే చెప్పాడు. నేను సరిగ్గా వినలేదేమోనని మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పాడు. "బోటు వరకేనండి. ఇంజను వేరే, వలలు వేరే" అన్నాడు.

మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. పెద్దవాళ్ళు లేచినప్పుడు లేచినట్టు, ఆ అంకె వచ్చిందని లేచారు.

"ముందు కొంత ఇస్తే, ఇంతవరకూ అని కొంచెం కొంచెంగా చేసి ఇవ్వరాండి?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "అచ్చులోంచి వచ్చేది ఒకే ముక్కండి అమ్మగారూ. సగం బోటు పుట్టదండి."

ఆ మాటతో నాకు అంతా అర్థమైంది. అది డబ్బు సంగతి ఒక్కటే అయితే ఇంత దెబ్బ తగిలేది కాదేమో. మాలాంటివాళ్ళు ఏదైనా కొనగలిగేది ముక్క ముక్కగానే. ఇల్లు అలాగే వేసుకున్నాం, గోడ ఒక ఏడాది, కప్పు ఒక ఏడాది. చదువు కూడా అలాగే వచ్చింది నాకు, అక్షరం అక్షరంగా. ముక్కలుగా రాని వస్తువు మా చేతికి ఎలా వస్తుంది? చెక్కలోంచి నావ పోయినప్పుడు, దానితో పాటు మేము నావ సంపాదించుకునే పద్ధతి కూడా పోయింది. మాకు ఎవరూ చెప్పలేదు. ఎవరు చెబుతారు?

వంజరం ముక్కల పొట్లం మేస్త్రికి ఇవ్వడం మరిచిపోయి ఇంటికి తెచ్చేశాను.

తరవాత చాలా రోజులు ఆయన గుంట వైపు వెళ్ళలేదు. నేను వెళ్ళినా ఊరుకోలేదు. "అటెందుకే" అనేవారు.

కొత్తపేటలో నా దగ్గర ఎప్పుడూ చేపలు తీసుకునే ఒకావిడ ఉండేది. ఆవిడ భర్త కువైట్‌లో ఉండేవాడు, ఇక్కడ ఇల్లు కడుతున్నారు. ఒక రోజు చేపలు ఏరుకుంటూ విసుక్కుంది. "తలుపులకి టేకు అంటే అంతా పచ్చి కర్ర అంటగడుతున్నారండి పిన్నిగారూ. డబ్బిస్తామన్నా మగ్గిన కర్ర దొరకట్లేదు."

"నా దగ్గరుందండి," అన్నాను. అనాలనుకోలేదు. అనేశాను.

ఆవిడ నా గంపలోకి చూసింది, ఎక్కడుందా అన్నట్టు.

రెండు రోజులకి వడ్రంగిని వెంటబెట్టుకుని మా పేటకి వచ్చింది. ఆయన ఒక చెక్క బయటికి తీయించి, కడిగించి, అంచు కాస్త చెక్కి వాసన చూశాడు. ఆవిడ చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ చెప్పిన ధర విని నేను గుంట గట్టు మీద కూర్చుండిపోయాను. మేం కొన్నదానికి దాదాపు మూడింతలు. మొదటి చెక్కకి, ఆ టేకు కాని దానికి కూడా అంతో ఇంతో ఇస్తానంది.

"పదేళ్ళు సముద్రంలో ములిగి తేలినోడికి ఏం రాలేదు," అన్నారు మా ఆయన. "పదేళ్ళు బురదలో పడుకున్నదానికి మూడింతలొచ్చింది. నేనూ గుంటలో పడుకోవలసిందే."

"అప్పుడు మిమ్మల్ని ఎవరు కొంటారండి," అన్నాను.

ఇద్దరం నవ్వాం. చెక్కలు ట్రాక్టరు ఎక్కుతుంటే మాత్రం ఆయన ఇంట్లోకి వెళ్ళిపోయారు. మేకు చిల్లు లేని ముప్పై చెక్కలు. వడ్రంగి వాటి మీద అలా చెయ్యి వేసి చూస్తూనే ఉన్నాడు.

వచ్చినది బోటులో సగం కూడా కాదు. ఆ డబ్బు ఇంట్లో ఉంచుకుని వారం రోజులు నిద్ర లేదు. ఎనిమిదో రోజు అన్నం తింటూ ఆయన చెయ్యి ఆపి, "ఇంజను వేరే అన్నాడు కదే, ఆ షెడ్డాయన?" అన్నారు.

"అన్నాడండి. అందుకే కదా మనం లేచొచ్చింది."

"వేరే అంటే, అదొక్కటీ కొనుక్కోవచ్చనే కదా."

నేను అన్నం గిన్నె కింద పెట్టేశాను. మా యజమాని బోటు ఇంజను అప్పటికి నెలకి నాలుగు సార్లు చెడుతోంది. కొత్తది కొనడానికి ఆయనకి మనసు రావడం లేదు. బోటు ఆయనది, వల ఆయనది. ఇంజను మాదైతే, ఇంజనుకీ ఒక వాటా తెగుతుంది. పేటలో అప్పటికే అక్కడా ఇక్కడా ఆ పద్ధతి మొదలైంది. నావలో ముక్క మిగలలేదనుకున్నాం, ఒక ముక్క ఉంది. మా చేతిలో ఉన్న డబ్బు సరిగ్గా ఆ ముక్కంత.

యజమాని ముందు ఒప్పుకోలేదు. "నా బోటుకి నీ ఇంజనేంటిరా" అన్నాడు. ఆ వారంలోనే ఆయన ఇంజను నడి సముద్రంలో ఆగిపోయి, ఆరుగురూ రోజంతా తెడ్లు వేసుకుంటూ వచ్చారు. పట్టిన చేప అంతా పాడైపోయింది. మర్నాడు ఆయనే కబురు పెట్టాడు. ఇంజనుకి ఒక మనిషి వాటా అన్నాడు. ఒకటిన్నర అన్నారు మా ఆయన. ఆ గొంతు నాకు కొత్తగా ఉంది. ఒకటిన్నరకే కుదిరింది. మనిషికి ఒకటి, ఇంజనుకి ఒకటిన్నర. ఆ లెక్క విని నేను చాలాసేపు ఆయన భుజాల వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆ ఇంజను తరవాత ఇంకొకటి వచ్చింది, అమ్మాయిల చదువులు సాగాయి, ఇంటికి శ్లాబు పడింది. పూర్తి బోటు మాత్రం మాకు ఎప్పటికీ అమరలేదు. రెండు వేల అయిదు, ఆరు ప్రాంతాల్లో ఒకసారి మళ్ళీ అడిగి చూశాం. దాని ధర మాకంటే ముందు పరిగెడుతోంది. వేట మీద బతికేవాడు వేట డబ్బుతో కొత్త బోటు కొన్నాడంటే ఈ రోజుకీ నేను నమ్మను. వెనక ఎక్కడో ఒక పొలమో, గల్ఫో ఉండి ఉంటుంది.

ఇంజను బిగించిన మొదటి రోజు నేను కూడా ఒడ్డుకి వెళ్ళాను. ఇంజనుని రాత్రి బోటు మీద వదలకూడదు, ఇంటికి తెచ్చుకుని, పొద్దున్నే మోసుకెళ్ళాలి. ఆయన దాన్ని భుజాన పెట్టుకుని, తల మీద తువ్వాలు చుట్టుకుని ఇసుకలో నడుస్తున్నారు. నేను వెనకాల నూనె డబ్బా పట్టుకున్నాను. అవతల బోటు దగ్గర నుంచి యజమాని చెయ్యి ఊపాడు.

"ఏవండోయ్, వస్తన్నారా? మీ కోసమే చూస్తన్నాం."

మా ఆయన ఆగారు. భుజం మీద అంత బరువు పెట్టుకుని, మొత్తం మనిషి వెనక్కి తిరిగి, మా వెనక ఎవరొస్తున్నారా అని చూశారు. నేనూ చూశాను. ఇసుక మీద మా అడుగులు తప్ప ఏమీ లేవు.